కుళ్లాయప్ప పక్క సీటు

రెండువేల మూడు వేసవిలో కుళ్లాయప్ప ఆ సుమోను ఒంటరిగా నడుపుకుంటూ మా ఊళ్లోకి వచ్చాడు. ఎదురుగా గొర్రెలు తోలుకొస్తున్న ఎర్రన్న మందనంతా రోడ్డు మీంచి చేలోకి తరిమి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఏళ్ల తరబడి అలవాటైన పని. బండి అతని పక్కన ఆగింది. నల్లటి అద్దం కిందికి దిగింది.

"తలగుడ్డ కట్టుకో ఎర్రన్నా. పెద్దాయన లేడు. బండి ఇప్పుడు నాది" అన్నాడు కుళ్లాయప్ప.

ఎర్రన్న లోపలికి తొంగి చూశాడు. "నీదైతే నీదిలేప్పా" అన్నాడు. కానీ బండి మలుపు తిరిగేదాకా తలగుడ్డ కట్టుకోలేదు.

పెద్దాయన అంటే మా చుట్టుపక్కల పది ఊళ్లను శాసించినవాడు. పేరు పెట్టి ఎవరూ పిలిచేవారు కాదు. ఆయనకు పగవాళ్లు ఎక్కువ, నిద్ర తక్కువ. కుళ్లాయప్ప ఆయన దగ్గర పదకొండేళ్లు డ్రైవరుగా ఉన్నాడు. మొదట జీపు, తర్వాత ఈ సుమో. ఒంట్లో బాగాలేక, గొడవలన్నీ వదిలేసి పెద్దాయన బెంగుళూరు చేరుకున్నప్పుడు, తల్లి వాటాగా వచ్చిన రెండెకరాల మెట్ట అమ్ముకుని కుళ్లాయప్ప బండి కొనుక్కున్నాడు. ఆ తల్లి పోయి అప్పటికి నాలుగేళ్లు. పెండ్లి కాలేదు. ఆ బండి తోలేవాడికి పిల్లనిస్తే ఏ పొద్దు ఏం కబురు వినాల్సి వస్తుందోనని ఎవరూ ముందుకు రాలేదు. అతను ఎవరి మీదా చెయ్యెత్తినవాడు కాదు. అయినా టీ కొట్టు దగ్గరికి వస్తే బెంచీ మీద మాటలు ఆగిపోయేవి. అతను టీ తాగి గ్లాసు కింద పెట్టి వెళ్లాక మళ్లీ మొదలయ్యేవి.

మా ఊరి నుంచి కదిరికి బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మధ్యలో మనుషుల్ని ఎక్కించుకుని తిప్పితే కడుపు నిండుతుందని అతని లెక్క. అంతకన్నా పెద్ద ఆశ ఇంకొకటి ఉందని తర్వాత తెలిసింది. పక్కన మనిషి కూర్చుంటే నాలుగు మాటలు వినొచ్చునని.

మొదటి వారం ఒక్కరూ ఎక్కలేదు. ఎండలో నడిచిపోతున్న సుబ్బన్న పక్కన బండి ఆపి, "రా సుబ్బన్నా, కదిరికేనా?" అన్నాడు.

"కాదులేప్పా, ఈడికే, చేనికాడికి."

ఏ లారీ ఎక్కి పోయాడో, గంట తర్వాత కదిరి సంతలో ఇద్దరూ ఎదురుపడ్డారు. సుబ్బన్న చేతిలో కొత్త చెప్పుల జత ఉంది. కుళ్లాయప్ప చూడనట్టే తల తిప్పుకుని పోయాడు, ఆయన సిగ్గుపడకూడదని.

ఆ రోజే బండిని నూర్ అహమ్మద్ కొట్టు ముందు నిలిపాడు. నూర్ అహమ్మద్ కదిరిలో బండ్ల సీట్లు కుట్టేవాడు. రంగులు, రేకులు, హారన్లు ఎక్కడ చవకగా దొరుకుతాయో కూడా అతనికే తెలుసు.

"ఏసీ బాగు చేయించల్ల. పాటల పెట్టె ఒకటి పెట్టల్ల. టైర్లు మార్చల్ల" అని కుళ్లాయప్ప వేళ్లు మడిచాడు.

"దుడ్లు ఎంతుండాయి?"

కుళ్లాయప్ప చెప్పాడు. నూర్ అహమ్మద్ నవ్వాడు.

"ఆ దుడ్లకు రెండు టైర్లు కూడా రావన్నా. ఉన్న టైర్లు ఇంకో ఏడాది పరిగెత్తుతాయి. ఇంజను గుండు మాదిరి ఉండాది. ఏసీ ఎవురికి, చెనిక్కాయ మూటలకా? ముందు ఆ నల్ల కాగితం పీకు. లోపల ఎవురుండారో కనపడకుంటే ఎవురెక్కుతారు? తర్వాత ఆ హారను తీసెయ్. అది మోగితే చంటిబిడ్డలు పాలు కక్కుతారు."

అద్దాలకు అంటించిన నల్ల కాగితం పీకడానికి మూడు రోజులు పట్టింది. కూలి దండగని తానే ఇంటి ముందు కూర్చుని, వేడి సబ్బునీళ్లు పోసి, బ్లేడుతో గీకి, జిగురు మరకలను కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. పక్కింటి లక్ష్మీనరసమ్మ ఆ మూడు రోజులూ తన పొయ్యి మీద బిందెడు నీళ్లు కాచి గోడ మీద పెట్టి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. అతనూ ఏమీ అనకుండా తీసుకుని, ఖాళీ బిందె తోమి పెట్టాడు. దేవుడు చేసే మేలు చాలాసార్లు అలా గోడ మీదే దొరుకుతుంది.

బండి నెత్తిన ఉన్న నాలుగు పెద్ద లైట్లు అమ్మేశాడు. ఆ డబ్బుతో వెనుక రెండు ఎదురెదురు బెంచీలు, ఒక చిన్న హారను వచ్చాయి. ఇక రంగు. తెల్లటి సుమో కనబడితే చాలు, మా వైపు జనానికి గుండె జారుతుంది. పసుపు వేద్దామన్నాడు రంగులాయన. అది ఒక పార్టీది. ఎరుపు ఇంకొకరిది. పచ్చ, కాషాయం కూడా వద్దు.

"ఏ రంగేసినా ఎవురో ఒకరి జెండానే కదన్నా! ఇంగ యాడికి పోవల్ల?" అని రంగులాయన బ్రష్షు కింద పెట్టేశాడు.

కుళ్లాయప్ప జేబులోంచి ఒక చెనిక్కాయ, అదే వేరుశనగ కాయ, తీసి అతని చేతిలో పెట్టాడు. "ఈ తోలు రంగు ఎవురిది?"

"ఇది ఎవురిదీ కాదు" అన్నాడు రంగులాయన, కాయను తిప్పి తిప్పి చూసి.

అలా ఆ బండి చెనిక్కాయ రంగులో ఊరికి తిరిగొచ్చింది. బడి పిల్లలు దాని వెంట పరిగెత్తుతూ "చెనిక్కాయ బండి, చెనిక్కాయ బండి" అని అరిచారు. ఎర్రన్న గొర్రెలు రోడ్డు మీదనే నింపాదిగా నడిచాయి. చిన్న హారను కుయ్యిమంటే అవి కూడా లెక్క చేయలేదు. మరుసటి రోజు సుబ్బన్న తానే చెయ్యెత్తి బండి ఆపాడు. వారం తిరిగేసరికి కదిరికి పోయేప్పుడు పన్నెండు మంది, వచ్చేప్పుడు పద్నాలుగు మంది. మనిషికి బస్సు చార్జీయే తీసుకునేవాడు. మూటలకు ఏమీ లేదు.

కానీ అందరూ వెనుకనే. ఒకరి ఒళ్లో ఒకరు కూర్చునేవారు. వెనుక నిచ్చెన పట్టుకుని వేలాడేవారు. డ్రైవరు పక్క సీటు మాత్రం ఖాళీగా పోయేది.

"ముందుకు రాండప్పా, ఈడ జాగా ఉండాది" అని రోజూ పిలిచేవాడు.

"ఆడొద్దులేన్నా, ఈడే బాగుండాది" అనేవాడు సుబ్బన్న, మోకాళ్లు గడ్డానికి తగులుతుండగా.

అది పెద్దాయన సీటు. ఆయన ముందర ఎవరూ కుర్చీలో కూడా కూర్చున్నవారు కారు, ఇక ఆయన కూర్చున్న సీట్లో ఎలా కూర్చుంటారు? పైగా ఆ సీటుకు గురిపెట్టినవాళ్లు ఉండేవారని అందరికీ తెలుసు. ఆయన ఊరు వదిలి పోయినా ఆ గురి ఇంకా అక్కడే ఉన్నట్టు జనానికి తోచేది. వెనుక కబుర్లు, నవ్వులు, కోడిపిల్లల అరుపులు. ఇంజను చప్పుడులో అవేవీ కుళ్లాయప్పకు సరిగ్గా వినపడేవి కావు. ఎవరైనా నవ్వితే, ఏమిటో తెలియకపోయినా, అద్దంలో చూసి తానూ నవ్వేవాడు.

తప్పు సీటుదే అనుకున్నాడు. మూడు నెలలు కూడబెట్టి మళ్లీ నూర్ అహమ్మద్ దగ్గరికి పోయాడు. పాత సీటు ఊడదీయించి, ఇద్దరు కూర్చునే పొడుగాటి సీటు వేయించాడు. కొత్త స్పాంజి, ముదురు గోధుమరంగు రెక్సిను, అంచులకు తెల్లదారం కుట్టు. నూర్ అహమ్మద్ ఆ అంచు కుట్టుకు కూలి తీసుకోలేదు.

అక్కడితో ఊరికి వచ్చేసి ఉంటే బాగుండేది. కానీ కుళ్లాయప్ప భక్తిగలవాడు. పాత దోషం ఏదైనా మిగిలి ఉంటే పోతుందని బండిని తిన్నగా కదిరి నరసింహస్వామి గుడి ముందుకు తోలుకుపోయాడు. కొత్త బండ్లకు అక్కడ పూజ చేయించడం మామూలే. ఇతను మాత్రం, "స్వామీ, బండికి కాదు, ఈ సీటుకు చేయండి" అన్నాడు. పూజారి ఒక క్షణం అతని మొహం చూసి, సీటు మీద తీర్థం చల్లాడు. వీపు ఆనే చోట పసుపు, కుంకుమ పెట్టాడు. తులసిమాల వేసి హారతి ఇచ్చాడు.

ఊళ్లో బండి ఆపి కుళ్లాయప్ప అందరికీ వినపడేటట్టు చెప్పాడు. "స్వామికాడ పూజ చేయించినా. ఇంగ ఈ సీటుకు ఏ దోషమూ లేదు."

బండి ఎక్కడానికి వచ్చినవాళ్లలోంచి గంగక్క ముందుకొచ్చి సీటు చూసింది. చెంపలు వేసుకుంది. కొప్పులోని కనకాంబరాలు తీసి సీటు మీద పెట్టి, వెనక్కి వెళ్లి ఎక్కింది. ఆ వెనుక సుబ్బన్న సీటును తాకి కళ్లకద్దుకుని, తానూ వెనుకనే ఎక్కాడు. ఆ రోజు నుంచి ఎక్కేవాళ్లంతా ముందు తలుపు దగ్గర ఒక నిమిషం నిలబడి, దండం పెట్టుకుని, వెనక్కి పోసాగారు. పెద్దాయన దిగిపోయిన చోట స్వామి కూర్చున్నాడు.

సంగతి విని నూర్ అహమ్మద్ నవ్వలేక నవ్వాడు. "నేను నీకు సీటు కుట్టిచ్చినా, నువ్వు పోయి గుడి కట్టుకున్నావు కదన్నా!"

"కడిగేస్తే?"

"పసుపు కుంకుమ కడిగేస్తావా? అప్పుడు బండే ఎక్కరు."

కుళ్లాయప్ప కడగలేదు. అలా ఏడాది గడిచింది. ఆ ఏడాది వానలు లేవు, చెనిక్కాయ చెట్టు, కాయ పట్టే ఊడలు భూమిలోకి దిగకముందే ఎండిపోయింది. పని వెతుక్కుంటూ కదిరికి పోయే మనుషులు మాత్రం పెరిగారు. బండి నిండుగా పోయేది, అతని పక్కన పూలు వాడిపోతూ ఉండేవి.

బయమ్మ మా ఊరి ఆడపడుచు. ఏళ్ల తరబడి మడకశిర దగ్గర కూతురి ఇంట్లో ఉండి, డెబ్భై దాటాక తిరిగొచ్చింది. ఒక సోమవారం కంటి డాక్టరు దగ్గరికి పోవాలని కర్ర పట్టుకుని వచ్చింది. అప్పటికే వెనుక పదమూడు మంది ఉన్నారు. ఆమె నేరుగా ముందు తలుపు తీసింది.

"అవ్వా, ఆడొద్దు! ఆడ స్వామి ఉండాడు" అని లోపలి నుంచి గంగక్క అరిచింది.

బయమ్మ సీటు మీదికి వంగి, మసక కళ్లతో పూలను చూసింది. "స్వామి ఉంటే మంచిదే కదమ్మా. నా మాదిరి ముసిలిదాన్ని నిలబెట్టి తాను కూసుంటాడా?" అంది. పూలన్నీ కొంగులోకి ఎత్తుకుని, "కొంచెం జరుగు సామీ" అని కూర్చుంది. కుళ్లాయప్ప గేరు వేయడం మరిచిపోయి ఆమె వైపే చూస్తున్నాడు.

"పోనీప్పా, డాక్టరు లేచిపోతాడు" అంది.

దోవ పొడవునా మాట్లాడింది. మడకశిరలో మనవడు కన్నడమే మాట్లాడతాడని, సగం అర్థం కాదని, అయినా వాడి మాట ముద్దని. అల్లుడు మంచివాడేనని, కానీ తన ఊరి నీళ్లు తాగాలనిపించిందని. నల్లమాడ దాటాక హఠాత్తుగా అడిగింది.

"అన్నేండ్లు ఆ పెద్దాయన నీ పక్కన కూసునేటోడు కదా. ఏం మాట్లాడేటోడప్పా?"

కుళ్లాయప్ప ఒక గుంత తప్పించి గేరు మార్చాడు. "పోనీ అనేటోడు. నిలుపు అనేటోడు."

"ఇంగ?"

"ఇంగేమీ లేదవ్వా."

బయమ్మ ముడతల చెయ్యి చాచి అతని మోచేతి మీద ఒకసారి వేసి తీసింది.

ఆస్పత్రిలో ఆలస్యమైంది. తిరుగు ప్రయాణానికి జనం తొందరపెట్టారు. "ముసిలామె రానీ" అని కుళ్లాయప్ప కదలలేదు. ఆమె కంట్లో మందు వేయించుకుని, పచ్చగుడ్డ కట్టుకుని వచ్చి మళ్లీ ముందరే ఎక్కింది. కదిరి బయటికి వచ్చేసరికి గాలికి నిద్ర పట్టింది. తల అద్దానికి ఆని, నోరు కొంచెం తెరిచి, చంటిబిడ్డలా నిద్రపోయింది. పెద్దాయన ఆ పక్కన ఏనాడూ కళ్లు మూసినవాడు కాదు. ప్రతి మలుపులోనూ, ప్రతి చెట్టు వెనుకా చూస్తూనే ఉండేవాడు. ఆయన చూపు పడిన చోటికల్లా కుళ్లాయప్ప చూపు కూడా పోయేది. ఈరోజు మలుపుల్లో చూడాల్సింది ఏమీ లేదు. గుంతలు తప్ప.

"ఏమన్నా, ఎద్దుల బండి మాదిరి పోతాండావే?" అని వెనుక నుంచి సుబ్బన్న కేక వేశాడు.

"అవ్వ నిద్రపోతాంది" అన్నాడు కుళ్లాయప్ప.

మాట ఒకరి నుంచి ఒకరికి వెనుకదాకా పోయింది. ఎవరో ఏడుస్తున్న పిల్లకు పాలిచ్చారు. కబుర్లు సన్నగిల్లాయి. తన వీధి రాగానే సుబ్బన్న చప్పుడు చేయకుండా దిగి, తలుపు గట్టిగా వేయకుండా చేత్తో నొక్కి మూశాడు. ఒక్కొక్కరే అలాగే దిగిపోయారు.

బయమ్మ ఇంటి ముందు బండి నిలిచేసరికి పొద్దు గూకుతోంది. ఇంజను ఆపితే ఆ నిశ్శబ్దానికి మెలకువ వస్తుందని కుళ్లాయప్ప ఆపలేదు. డీజిలు చుక్క చుక్కా లెక్క చూసుకునేవాడు, ఆ సాయంత్రం చక్రం మీద రెండు చేతులూ పెట్టి, ఆమె ఊపిరి వింటూ అలాగే కూర్చున్నాడు.