భుజం పట్టేశాక దొరికిన నాలుగు తీగలు

మా గుంటూరులో పంకు బ్యాండు, అంటే గురువూ శ్రుతీ లేకుండా గోలగా వాయిస్తూ లోకాన్ని తిట్టే రకం, ఒకటి ఉందంటే ఎవరూ నమ్మరు. ఉంది. మేం ఇద్దరమే. నాది ఎలక్ట్రిక్ గిటారు. సత్తెనపల్లిలో విత్తనాల కొట్టు నడిపే నా స్నేహితుడివి డ్రమ్ములు. మేం మొదలెడితే అరండల్‌పేటలో పాలు విరిగేవి, అమరావతి రోడ్డు దాకా కుక్కలు అజ్ఞాతంలోకి వెళ్లిపోయేవి.

అలాంటి నాకు యాభైలో పడగానే ఎడమ భుజం పట్టేసింది. చొక్కాలో చెయ్యి దూరేలోపు మిరపచేలో ఒక కోత అయిపోయేది. గిటారు తగిలించుకుంటే మిర్చి యార్డులో నిండు టిక్కీ బస్తా మోసినట్టే. "వాయించడం మానేయండి" అన్నారు డాక్టరు గారు, గుంటూరు వాణ్ణి ఆవకాయ మానేయమన్నంత నిర్దయగా. ఇక ఈ జన్మకి పాట లేదనుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను.

అప్పుడొచ్చాడు స్నేహితుడు. సంచీలోంచి ఒక బుల్లి వాయిద్యం తీశాడు.

"ఇదేంట్రా, గిటారుకి కాన్పయిందా?"

"ఉకులేలే. భుజంతో పనిలేదు. గుండెకి ఆనించుకో, చాలు."

నాలుగే తీగలు. పైన లావు తీగ ఉండాల్సిన చోట సన్నతీగ ఉంది. గిటారు బుద్ధి కదా, అమ్మినవాడు మోసం చేశాడని రెండు రోజులు తిట్టాను. వీణ పాఠాలు చెప్పే మా ఆవిడ ఒకసారి మీటి చూసి, "అది అలాగే ఉండాలేమోనండీ, ఆ కిలకిల దానివల్లే" అంది. నిజమే.

పంకు మనిషికి ఇంకేం కావాలి? గురువు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. పల్లెవెలుగు బస్సులో ఒళ్లో కూర్చుంటుంది. పెద్ద విద్వాంసులు చూసి నవ్వుతారు. అంతకు మించిన బిరుదు మాకెవరిస్తారు?

ఒక టీకొట్టు మేడమీద కచేరీ పెట్టాం. జనసముద్రం, అంటే ఇరవై కుర్చీలు. ఇరవై ఒకటోది డ్రమ్ము. స్నేహితుడు దానిమీద దరువేస్తుంటే మా పాత పాట ఎత్తుకున్నాను.

"అమ్మిన మావా, మొలిచిందేది?
చేలో మిగిలింది చెప్పుల జతే."

దరువు ఆగింది.

"ఏరా, ఇది విత్తనాల కొట్ల మీద పాటా?"

"మరి? పదేళ్లుగా వాయిస్తున్నావు గదరా."

"నీ గిటారు మోతలో ఒక్క ముక్క వినపడి చస్తే గదా. ప్రేమపాటనుకున్నా."

జనం నవ్వారు. నాకు మాత్రం భుజం పట్టేసిననాటి కంటే ఎక్కువ భయమేసింది. వీడు లేచి వెళ్లిపోతే చెయ్యి బాగున్నా బ్యాండు లేదు.

వాడు గడ్డం గోక్కున్నాడు. "మా కొట్లోవి మొలుస్తాయిరా. మొలవనివి ఎవరమ్ముతారో నాకు తెలుసు. మొదట్నుంచీ ఎత్తుకో. ఈసారి నేనూ పాడతా."

పాడాడు. నరసరావుపేటలో నిద్రపోయేవాళ్లు కూడా లేచి కూర్చునేంతగా పాడాడు. ఆ గొంతు కింద నా ఉకులేలే ఎవరికీ వినపడలేదు. గుండెకి ఆనించుకున్నాను కనక దాని అదురు నాకు తెలుస్తూనే ఉంది. నేను వాయిస్తున్నాను. పక్కన వాడున్నాడు. అంతకంటే ఏమీ కోరుకోలేదు.