ఒక్కరి పేరున వచ్చిన ఇల్లు

హేరిమ్‌కు పెళ్లయిందా అని ఎవరైనా అడిగితే నేను తడబడేదాన్ని. పెళ్లిభోజనం తిన్నదాన్ని నేనే. పులుసు చల్లారిపోయిందని వాళ్ల అత్తగారితో వాదించినదాన్నీ నేనే. అయినా ఆ తర్వాత ఐదేళ్లపాటు సర్కారు కాగితాల్లో ఆమె కన్నెపిల్లే.

కొరియాలోని ఇంచన్‌లో, బుప్యొంగ్ బజారులో నాది వండిన కూరల కొట్టు. హేరిమ్ దంతవైద్యుడి దగ్గర పళ్లు శుభ్రం చేసే పని చేస్తుంది. మొగుడు చాన్‌సోప్ లిఫ్టులు బాగుచేస్తాడు. బట్టలుతికే దుకాణం పైన ఒక్క గదిలో ఉంటూ, సొంత ఫ్లాటుకు ముందుగా కట్టాల్సిన సొమ్ము కూడబెట్టుకునేవారు. ఐదేళ్లలో ఆ పిల్ల నా కొట్లో మాంసం కూర కొన్న పాపాన పోలేదు. సోయా మొలకలు, ముల్లంగి, మళ్లీ మొలకలు. ఏదో ఒకరోజు నువ్వే మొలకెత్తుతావని తిట్టేదాన్ని.

పెళ్లి చేసుకున్నవాళ్లు దాన్ని నమోదు చేయించుకోకపోవడం ఏమిటంటారా? నాకూ అర్థం కాలేదు. నమోదైతే ఇద్దరి జీతాలూ కలిపి లెక్కేస్తారు, అప్పుడు తక్కువ వడ్డీ అప్పు రాదని బ్యాంకులో ఎవరో చెప్పారట. కొత్తగా కట్టే ఫ్లాట్లలో కొత్త దంపతులకు వేరే వాటా ఉంది, వెంటనే నమోదు చేయించుకోమని హేరిమ్ తోటి ఉద్యోగిని అందట. ఆ ఫ్లాట్లు లాటరీ తీసి ఇస్తారు, విడివిడిగా ఉంటే ఇద్దరి పేర్లూ అందులో పడతాయని చాన్‌సోప్ స్నేహితుడు అన్నాడట. తలా ఒక మాట. వీళ్లకు ఒక నిబంధన అర్థమయ్యేలోపు అది మారిపోయేది.

"పిన్నీ, ఇంతకీ నేను పెళ్లైనదాన్నా, కానిదాన్నా?" అని ఒక సాయంత్రం అడిగింది.

"మొన్న పండక్కి అత్తగారింట్లో అట్లు ఎవరు వేశారే?"

"నేనే. రెండు బుట్టల నిండా."

"అయితే అయినట్టే. నీ నడుంనొప్పిని మించిన సాక్ష్యం ఏముంది?"

నవ్వింది గానీ, వెంటనే మొహం ముడుచుకుంది. "తను లిఫ్టు దగ్గర పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు కదా. ఆస్పత్రిలో నువ్వేమవుతావని అడిగితే ఏం చెప్పాలో తెలీక అలా నిలబడిపోయా. సంతకానికి వాళ్లమ్మ ఊర్నించి వచ్చింది. నాకు ఇల్లు కావాలి పిన్నీ. కానీ భార్యనని రాయడం అంతకన్నా ముందు కావాలి."

"ఆ మాట వాడితో అనవే, నాతో కాదు."

"అన్నా. ఇల్లు రానీ, మర్నాడే వెళ్దాం అన్నాడు."

ఆ శరత్కాలంలో లాటరీలో ఇల్లు వచ్చింది. హేరిమ్ పేరున, ఒంటరివాళ్ల వాటాలో. చాన్‌సోప్ నా కొట్టుకు పరుగున వచ్చి పక్కటెముకల కూర కొన్నాడు. ఇల్లు కట్టడం పూర్తయి తాళం చేతికొచ్చేదాకా పెళ్లి మాట ఎత్తితే చిక్కని ఎవరో చెప్పారని, ఇంకో రెండున్నరేళ్లే కదా అని కూర చుట్టించుకుంటూ అన్నాడు. వెనకే వచ్చిన హేరిమ్ సంతోషించాలో ఏడవాలో తెలియని మొహంతో నావైపు చూసింది. ఒప్పందం రోజున తోడు రమ్మంటే కొట్టు మూసి వెళ్లాను.

నమూనా ఫ్లాటులో చాన్‌సోప్ టేపు తీసి గోడలు కొలుస్తున్నాడు. బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగిని హేరిమ్ ముందు కాగితాలు పెట్టి, "ఒక్కరే ఉండి ఇంత సాధించారు. మీ అమ్మానాన్నలు ఎంత మురిసిపోతారో. ఈయనెవరండీ?" అంది.

హేరిమ్ అతని వైపు చూసింది. నేనూ చూశాను.

"తెలిసినవాణ్ణండీ. కొలతలకి సాయం వచ్చా," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా వాడు చెడ్డవాడు కాడు. చేప వండితే నడిమి ముక్క ఆమెకే పెట్టే మనిషి. ఆ ఇంటి కోసమే ఆ మాట అన్నాడు. వాణ్ణి తిట్టాలో జాలిపడాలో నాకు తోచలేదు.

హేరిమ్ సంతకానికి బదులు వేద్దామని చేతిలో పట్టుకున్న పేరు ముద్రను సంచిలో పెట్టేసింది. "క్షమించండి. ఇది ఒంటరివాళ్ల ఇల్లు కదా. నేను ఒంటరిదాన్ని కాదు," అని లేచింది.

బయటికి రాగానే చాన్‌సోప్ గొంతు పెంచాడు. "పిచ్చా నీకు? ఐదేళ్లు ఆ మొలకలు దేనికి తిన్నాం?"

"నాకూ తెలీట్లేదు. మన ఇంటికోసం అనుకున్నా. లోపల నువ్వు తెలిసినవాడివయ్యావు. తెలిసినవాడికోసం నేనెందుకు కడుపు మాడ్చుకుంటాను, చెప్పు."

అతను మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె నిలబడే ఉంది. వాన మొదలైనా ఇద్దరూ కదల్లేదు. నేను గొడుగు ఎవరికి పట్టాలో తెలియక మధ్యలో పట్టుకున్నాను.

అతను తలెత్తకుండానే నన్ను అడిగాడు. "పిన్నీ, పెళ్లి నమోదు చేసే ఆఫీసు ఎన్నింటికి మూస్తారు?"

నాకేం తెలుసు? నేను నోరు తెరిచేలోపే హేరిమ్ అంది, "ఆరింటికి."