గడియ పడిన చప్పుడు

లోపలి నుంచి గడియ పడింది. ఆ చప్పుడుకే నాకు మొదటిసారి భయం వేసింది. ఈ రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి వీధి తలుపు వేస్తుంటే అదే చప్పుడు మళ్ళీ చెవిన పడింది. రెండేళ్ళ కిందట తిరుత్తణిలో మా పాప చదివే బడి హాలు, ఆ మూసిన తలుపు, దాని వెనుక మా పాప, అన్నీ గుర్తుకొచ్చాయి. ఆ చప్పుడు వినడం నాకు నేర్పిన రాజమ్మక్క పోయినేడు కన్నుమూసింది.

మా వీధిలోనే ఉండేది రాజమ్మక్క. వయసులో నాటక సమాజంతో ఊరూరా తిరిగి రాణి వేషాలు కట్టిన మనిషి. నవరాత్రుల్లో కొలువు ముందు కూర్చుని, బొమ్మల్ని చేత్తో కదిలిస్తూ పిల్లలకు కథలు చెప్పేది. తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి ఉంచేది. తల్లుల్లో ఒకరైనా లోపల కూర్చోవాలి. ఒకసారి నేను పాపను వదిలిపెట్టి లేవబోయాను.

"యాడికి పోతావు సరోజా? కూర్చో. నువ్వు లేకుంటే కథ లేదు."

"నీ దగ్గర భయమేముందక్కా?"

"నాటకాల్లో నేను వేషం వేసుకునేటప్పుడు మాయమ్మ గది వాకిట్లోనే కూర్చోనుండేది. ఆ అలవాటు నాకు పోలేదు."

బడిలో పిల్లల సంబరానికి ఆమెను పిలుద్దామని నేనే అన్నాను. హెడ్మాస్టరు భార్య ముఖం చిట్లించింది. "నాటకాలాడినామెను పిల్లల ముందర ఎట్లా నిలబెట్టేది? మద్రాసు నుంచి ప్రొఫెసరు వస్తాడు, మ్యాజిక్ చేస్తాడు."

"ఆయన కూడా నాటకాల వాళ్ళతో తిరిగినవాడే కదా. తాగి రైలు తప్పిపోయిన కథ ఆయనే చెప్పి నవ్వించాడంట."

"మగవాళ్ళన్నాక అవన్నీ ఉంటాయి. కోటు వేసుకుంటాడమ్మా, పెద్దమనిషి."

ఆ పెద్దమనిషి వచ్చి, తల్లులుంటే పిల్లలు బిగుసుకుపోతారని మమ్మల్ని వరండాలో కూర్చోమన్నాడు. గడియ పడగానే నేను లేచి తలుపు కొట్టాను. తీయలేదు. కొడుతూనే ఉన్నాను. చివరికి తెరిచి, "వెలుతురు పడితే విద్య చెడిపోతుంది. ఈయమ్మకు నా మీద అనుమానం" అని నవ్వాడు. వరండాలో ఆడవాళ్ళూ నవ్వారు. లోపల మసక దీపం. కళ్ళకు రుమాలు కట్టుకుని బల్లమీద నిలబడి ఉంది మా పాప. అది ఆటలో భాగమే కావచ్చు. నాకు ఈనాటికీ తెలియదు. గడప మీదే కూర్చున్నాను. ఆట తొందరగా ముగిసింది.

సాయంత్రం రాజమ్మక్కకు చెబితే ఆయన్ను ఒక్క మాట అనలేదు. సుండల్ గుగ్గిళ్ళ కోసం శనగలు ఏరుతూ, "మంచోడే అయ్యుంటాడు. మంచోడికి తలుపు తీసిపెట్టేదానికేం కష్టం?" అంది. ఏరిన శనగలు పక్కకు పెట్టి, "నన్ను పిలిచుంటే వాకిలి తీసే పెట్టేదాన్ని. అదీ తప్పే అంటారేమోలే" అని నవ్వింది. ఆ నవ్వులో నొప్పి నాకు తెలిసింది.

మర్నాడు పొద్దున తలలు దువ్వుతూ పిల్లలకు చెప్పాను: "ఎవరు ఆట చూపించినా సరే, కోటు వేసుకున్నవాళ్ళైనా, నేనెరిగినవాళ్ళైనా, తలుపు మూస్తే లేచి బయటికి వచ్చేయండి. ఎవరు నవ్వినా ఫరవాలేదు."

"ఆట సగంలో ఉంటే?" అంది పాప.

"సగంలోనే రా" అన్నాను. "మిగతా సగం రాజమ్మత్త చెబుతుంది."