నీళ్ళ పంపు కింద తెల్ల చార

ఖతార్‌లో నేను పనిచేసిన కంపెనీ గ్యారేజీలో ఇంజన్ చల్లారకముందే తీర్పు వచ్చేసేది. బండి ఆగితే డ్రైవర్ తప్పు. ఎందుకాగిందో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. తొంభైల నడుమ మాట ఇది. నేనక్కడ మెకానిక్‌ని. మాది గోదావరి జిల్లాలో సముద్రం పక్క ఊరు. వీడికి నోరెక్కువ అని మా అమ్మ చిన్నప్పుడే తేల్చేసింది.

ఆ ఆగస్టులో ఆగిపోయింది లేబర్ బస్సు. అల్ తుమామా అవతల ఉండే మా క్యాంప్ నుంచి పొద్దున్నే మనుషుల్ని మదీనత్ అల్ షమాల్ సైటుకి తీసుకెళ్ళి, పని అయ్యాక తిరిగి తెచ్చే బస్సు. ఆ రోజు తిరిగొస్తుంటే సగం దారిలో ఇంజన్ కాగిపోయింది. సూది ఎర్ర గీత ముట్టుకోగానే డ్రైవర్ బస్సు పక్కకి తీశాడు. నీడంటూ లేని రోడ్డు మీద ఇరవైమంది గంటన్నర నిలబడ్డారు. ఒకతను కళ్ళు తిరిగి పడిపోయి ఆస్పత్రి పాలయ్యాడు. బతికి బట్టకట్టాడు గానీ, మేనేజర్‌కి బలిపశువు కావాల్సి వచ్చింది.

డ్రైవర్ జగిత్యాల వైపు మనిషి. ఆరేళ్ళుగా ఆ బస్సే తోలుతున్నాడు. "రేడియేటర్‌లో నీళ్ళు పొయ్యకుండా తోలాడు" అని మా ఫోర్‌మన్ కాగితం మీద రాసిచ్చాడు. దాంతో ఆఫీసువాళ్ళు తమ దగ్గర పెట్టుకున్న అతని పాస్‌పోర్టు బయటికి తీశారు. శనివారం ఫ్లైటు. ఉత్తినే ఇంటికి పంపడం కాదు, మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టకుండా ముద్ర కొట్టి పంపడం.

ఫోర్‌మన్‌ది కృష్ణా జిల్లా. శుక్రవారాల్లో తెలుగువాళ్ళం ఒకరింట్లో కూడుకునే ప్రార్థనకి ఆయనే పెద్ద. గ్యారేజీలో కూడా నన్ను బ్రదర్ అనే పిలిచేవాడు. చెడ్డవాడని అనను. భయస్తుడు. భయస్తుడి చేతికి కలం ఇస్తే ఎంత పని చేస్తాడో అప్పుడు చూశాను.

బస్సుని లాక్కొచ్చి గ్యారేజీలో పెట్టిన రోజున డ్రైవర్ నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నీళ్ళు పోశావా లేదా? నిజం చెప్పన్నా" అన్నాను.

"పోసిన తమ్మీ, మా అవ్వ తోడు. నెల దినాల సంది రోజు రెండు సీసాలు పడుతున్నయ్."

"నెల నుంచా! మరి ఒక్కడికైనా చెప్పావా?"

"చెప్తే ఏమంటరు? బండి ఖరాబ్ చేసింది నువ్వే అంటరు. మనకెందుకీ లొల్లి అని నేనే పోసుకుంట నడిపిన."

నాకు తల బాదుకోవాలనిపించింది. మనవాళ్ళతో ఇదే చావు. నోరు మూసుకుంటే నౌకరీ నిలుస్తుందనుకుంటారు. ఏం పోతోందో చెప్పకుండా పోసుకుంటూ పోయాడు, ఇప్పుడు ఆ పోసిన సంగతికి సాక్షి లేడు.

ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళాను. "లీకుంటే బండి కింద తడుండాలిగా బ్రదర్? నెల రోజుల్లో ఒక్క చుక్క చూశావా? మాఫీ, ఏమీ లేదు. లీకు లేదు, అంటే వాడు పొయ్యలేదు" అన్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది బాగా అతికింది.

"ఉతికిన చొక్కా పది నిమిషాల్లో ఆరిపోయే ఎండండీ ఇది. కాగే ఇంజన్ మీద పడ్డ చుక్క నేల దాకా వస్తుందా?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మనకెందుకు బ్రదర్? వాడేమన్నా మనోడా?"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "మొన్న శుక్రవారం పొరుగువాణ్ణి ప్రేమించమని గంటసేపు చెప్పారు. ఆ పొరుగువాడు ఏ జిల్లావాడై ఉండాలో మాత్రం చెప్పలేదు!" అనేసి వచ్చాను.

గురువారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయాక బస్సు మీద పడ్డాను. ఆయిల్ పుల్ల లాగి చూశాను. ఆయిల్‌లో నీళ్ళు కలిస్తే పాలు పోసిన టీ రంగు వస్తుంది. ఇది నల్లగానే ఉంది, అంటే లోపల పగుళ్ళు లేవు. ఫ్యాన్ బెల్టు బిగువుగా ఉంది. రబ్బరు గొట్టాలన్నీ వేళ్ళతో నొక్కి చూశాను, ఎక్కడా చీలిక లేదు. రేడియేటర్ మూత రబ్బరు కూడా బాగుంది. ఇక మిగిలింది నీళ్ళు తిప్పే పంపు. బెల్టు వెనక టార్చి వేసి చిన్న అద్దం పట్టి చూస్తే, పంపు కింద నుంచి బొట్లు బొట్లుగా జారి ఆరిపోయిన తెల్ల చార కనిపించింది.

గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు! రేడియేటర్‌లో పొయ్యాల్సిన కూలెంట్ డబ్బాలు స్టోర్‌లో తాళం వెనక ఉండేవి. డ్రైవర్లకి దొరికేది క్యాంప్ ట్యాంకు నీళ్ళు, అవేమో సబ్బు నురగ కూడా రాని ఉప్పు నీళ్ళు. నీళ్ళు ఆవిరైపోయాయి, ఉప్పు మిగిలింది. ఉప్పు మడుల పక్కన పెరిగినవాడికి ఇది ఒకరు నేర్పాలా? "దొరికావే!" అని గట్టిగా అరిచాను.

అరిచాక చూశాను, పంపు అంచు చుట్టూ బూడిద రంగు సిలికాన్ పూత. ఆ పంపు రెండు నెలల కిందట బిగించింది నేనే. నీళ్ళు కారకుండా మధ్యలో వెయ్యాల్సిన గ్యాస్కెట్ లేదంటే, "సిలికాన్ పూసి కానిచ్చెయ్, బస్సు రేపు పోవాలి" అన్నాడు ఫోర్‌మన్. ముషైరిబ్‌లో విడిభాగాల షాపుల్లో ఒక పూట తిరిగితే ఆ ముక్క దొరికేది. నోరెక్కువవాణ్ణి కదా, ఆ రోజు మాత్రం ఒక్క మాట అనలేదు. పూసి బిగించేశాను.

దాచడం దేనికి, టార్చి ఆర్పేసి బస్సు కిందే కూర్చుండిపోయాను. నోరు తెరిస్తే నా వీసా పోతుంది, తెరవకపోతే శనివారం అతను పోతాడు. భయమేసింది. డ్రైవర్‌ని తిట్టుకున్న తిట్లన్నీ నాకే వర్తించాయి.

ఫోర్‌మన్ ఎప్పుడొచ్చాడో, నా టార్చి, అద్దం తీసుకుని వంగి ఆ చార చూశాడు. "పంపు మీద చెయ్యి నీదే బ్రదర్. ఒక గుడ్డముక్క చాలు. తుడిచెయ్" అని నా ముందు గుడ్డ పడేశాడు.

ఆ గుడ్డ చూశాకే భయం పోయింది. "తుడవను. మేనేజర్‌ని మీరు పిలుస్తారా, నన్ను పిలవమంటారా?" అన్నాను.

నేనే పిలిచాను, డ్రైవర్‌ని కూడా. ఒత్తిడి పరీక్షకి మా గ్యారేజీలో పరికరం లేదు. పాత రేడియేటర్ మూతకి టైరు వాల్వు అతికించి పెట్టుకున్నాం. దాన్ని బిగించి సైకిల్ పంపుతో గాలి కొడితే, ఇంజన్ చల్లగా ఉన్నా లోపల ఒత్తిడి పుడుతుంది. రేడియేటర్ నిండా నీళ్ళు పోసి, కింద పొడి అట్టముక్క పరిచాను. "కొట్టన్నా" అని సైకిల్ పంపు డ్రైవర్ చేతికిచ్చాను. అతను పళ్ళు బిగబట్టి కొట్టాడు. ఇరవై దెబ్బలకి అట్ట మీద టప్పున ఒక చుక్క పడింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత లెక్క లేదు.

మేనేజర్ వంగి అట్టని ముట్టుకుని చూశాడు. "ఈ పంపు ఎవరు బిగించారు?" అని హిందీలో అడిగాడు.

"నేను. గ్యాస్కెట్ లేకుండా బిగించింది నేను, బిగించమన్నది ఈయన. ఈ మనిషి నెల రోజులు సీసాలతో నీళ్ళు మోసి మా ఇద్దరి తప్పునీ కప్పాడు. ఎవర్నన్నా పంపాలంటే మమ్మల్ని పంపండి" అన్నాను. నా హిందీ అంత బాగా ఎప్పుడూ పలకలేదు.

డ్రైవర్ చేతిలో సైకిల్ పంపు అలాగే ఉండిపోయింది. నా వంక చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత మాత్రం లేదు.

పాస్‌పోర్టు మళ్ళీ లోపలికి వెళ్ళింది. అదే సాయంత్రం ముషైరిబ్ నుంచి గ్యాస్కెట్ తెప్పించి నా చేత్తోనే బిగించాను. గ్యారేజీలో అదే నా ఆఖరి పని. నన్ను షమాల్ సైటులో జనరేటర్ల దగ్గరికి వేశారు. ఫోర్‌మన్ ఫోర్‌మన్‌గానే ఉన్నాడు. నేను శుక్రవారం ప్రార్థన మానలేదు, నేనెందుకు మానాలి? ముందు వరసలో కూర్చునేవాణ్ణి. నా వైపు చూడకుండా ప్రార్థించడం ఆయనే నేర్చుకోవాల్సి వచ్చింది.

శనివారం, డ్రైవర్ విమానం ఎక్కాల్సిన రోజు పొద్దున, నేను అతని బస్సు ఎక్కాను.

"తప్పు నీదన్న ముచ్చట నాకు ముందుగాల చెప్పకపోతివి" అన్నాడు.

"నాక్కూడా గురువారమే తెలిసిందన్నా."

"నాలుగు దినాలు ముద్ద దిగలే నాకు." తలుపు వైపు చెయ్యి చూపించాడు. "దిగు. రేడియేటర్ మూత తీసి నువ్వే చూడు."

దిగి చూశాను. నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. "చుక్క తగ్గలేదన్నా."

"గట్టిగ చెప్పు. అందరికి ఇనవడాలె."

బస్సులో ఇరవైమంది ఉన్నారు. ఆస్పత్రి నుంచి వచ్చినతను ముందు సీట్లో కూర్చున్నాడు. "చుక్క తగ్గలేదు!" అని అరిచాను.

మర్నాటి నుంచి అతను నన్ను దించలేదు. తనే మూత తీసి చూసేవాడు. ఒక సోమవారం నీళ్ళు కాస్త తగ్గాయి. బస్సుని తిన్నగా గ్యారేజీ ముందు ఆపి, ఫోర్‌మన్ కిటికీ కింద నిలబడి సీసా పైకెత్తి చూపించాడు.

"సార్! ఇయ్యాల అర సీసా పట్టింది. రాస్కోండ్రి!"