వ్యాగనెడు మామిడిపళ్లు

ఒరేయ్, నా ప్రమోషన్ మామిడిపళ్ల పాలైపోనాది! నవ్వకండిరా, టీ తాగుతూ ఇనండి.

మొన్న సోమవారం ఛార్జ్‌మేన్ పోస్టుకి ఇంటర్వ్యూ. అంతా ఇంగ్లీషులోనే అన్నారు. అది ఇన్న కాణ్ణించి నాకు అన్నం దిగలేదు. మా అమ్మాయి తన ఏడో క్లాసు గ్రామరు పుస్తకం ముందేసి, "నాన్నా, లెక్కెట్టీవాటికి మెనీ, ఫ్యూ. లెక్కెట్టలేనివాటికి మచ్, లిటిల్" అని నేర్పింది. దాని ముందర తప్పు సెప్పాలన్నా భయమే నాకు!

దానికి ముందు గురువారం భోజనం టైము. రైల్వే వర్క్‌షాపులో ఎవరూ లేరు. సేతిలో చాక్‌పీసుంది, ఎదురుగా ఖాళీ వ్యాగనుంది. దాని మీదే ప్రాక్టీసు మొదలెట్టినాను. ఫ్యూ బోల్ట్స్. లిటిల్ గ్రీజ్. మచ్ వాటర్. బాగానే వస్తందే అని రెండో పక్కకెళ్లి ఇంకోటి కూడా రాసినాను. ఇంతలో సైరన్ కూసింది. తుడవడం మర్సిపోయి పరిగెట్టినాను.

మీరు బుకింగాఫీసోళ్లు, మీకు తెలీదు. మా కాడ వ్యాగన్ మీద చాక్‌పీసుతో ఏది రాస్తే అదే రిపోర్టు.

గంట తిరక్కుండా మా బెంగాలీ ఫోర్‌మెన్ దాదా దాని ముందు నిలబడి, "ఎ కీ! బోల్ట్ కోమ్? గ్రీజ్ కోమ్?" అని తలపట్టుకున్నాడు. కోమ్ అంటే వాళ్ల భాషలో తక్కువని. పెద్దాఫీసరు మూడింటికి తనే సూడ్డానికొస్తన్నాడంట. సోమవారం ఇంటర్వ్యూ సేసీది కూడా ఆయనే! ఉత్తినే రాసినానంటే ఛార్జ్‌షీటు. ప్రమోషన్ అటుంచండి, ఉన్న ఉద్యోగానికే ఎసరు.

"నేను సూస్తాను దాదా" అని లోపలికి దూరినాను. ఏటి సేసినాననుకున్నారు? బాగున్న బోల్టులు ఊడదీసినాను. గ్రీజంతా గుడ్డెట్టి తుడిసేసినాను. రెండు బకెట్ల నీళ్లు పోసినాను.

ఆఫీసరొచ్చినాడు. ఒకో మాటా సదివినాడు, లోపల సూసుకున్నాడు. "వెరీ గుడ్! కిస్‌నే లిఖా?" అని రాసినోడెవడో అడిగినాడు. అక్కడ నోరు మూసుకుని ఉండొచ్చు కదా? "మైనే, సాబ్!" అనీసినాను, ఛాతీ విరుసుకుని.

ఆయన తలూపుకుంటూ రెండో పక్కకెళ్లినాడు. అప్పుడు గుర్తొచ్చిందిరా నాకు!

"మెనీ మేంగోస్" అని పైకి సదివినాడు. ఖాళీ వ్యాగన్లోకి తొంగిసూసినాడు. నాకేసి తిరిగినాడు. "ఆమ్ కహా హై?" మామిడిపళ్లేవీ అని!

ఇంకేటుంది, సరుకు దొంగతనం కేసు! బేడీలు, జైలు, మా అమ్మాయి ఏడుపు, అన్నీ కళ్ల ముందు తిరిగినాయి. అసలు పళ్లే లేవంటే ఉత్తినే రాసినట్టు తేలిపోద్ది. "ఖా లియా, సాబ్! తినీసినాను!" అన్నాను.

"హౌ మెనీ?"

"వెరీ మచ్, సాబ్!"

ఆఖరికి ఏడుస్తూ నిజం కక్కీసినాను. మహానుభావుడు, ఛార్జ్‌షీటు ఇవ్వలేదు. బోల్టులన్నీ నాసేతే బిగింపించినాడు. సోమవారం ఇంటర్వ్యూలో మాత్రం ఒకటే ప్రశ్న: "ఆమ్ అరిగినాయా?" లిస్టులో నా పేరు లేదు.

నిన్న మా ఆవిడ మామిడిపళ్లు కొన్నాది. అందరికీ కోసిపెట్టింది, నాకు ఒక్క ముక్క లేదు. ఏటే అంటే, "వ్యాగనెడు తిన్నారు కదా, ఇంకా సాల్లేదా?" అంటాది!