నేతిలో ముంచిన ఉల్లిగడ్డ

మొన్న ఆదివారం హైటెక్ సిటీలో ఒక హోటల్లో కూర్చున్నాం, నేనూ మా చెల్లెలి కూతురూ. మెనూ కార్డులో కొన్ని వంటకాల పక్కన చిన్న ఆకు బొమ్మ వేసి ఉంది. ఆ ఆకు ఉంటే అందులో పాలు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా లేనట్టట. పిల్ల ఆ ఆకు మీద వేలు పెట్టి, నా ముఖంలోకి చూసి, "పెద్దమ్మా, నమ్మొచ్చంటవా?" అంది. నవ్వుతూనే అంది. ఆ మాట ఎప్పుడు విన్నా నాకు నాలుగేళ్ళ కిందటి ఒక ఆదివారం గుర్తొస్తుంది.

దానికి రెండు నెలల ముందే పిల్లకు గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చి, నల్లగండ్లలో మా ఫ్లాటుకు వచ్చి దిగింది. వచ్చిన పూటే చెప్పింది, తాను వీగన్ అని. కాలేజీ రోజుల్లో ఎక్కడో డెయిరీ చూడ్డానికి వెళ్ళి, తల్లికి దూరంగా కట్టేసిన దూడ అరుపు విని వచ్చిందట. అప్పటినుంచి పాలచుక్క ముట్టలేదు. బర్రెల పాలమ్మి మమ్మల్ని చదివించిన ఇంటి పిల్ల ఇలా తయారవడం నాకు కొరుకుడు పడలేదు. మా ఇంట్లో అన్నం పెట్టడమంటే మొదటి ముద్దలో నెయ్యి వేయడమే. నెయ్యి లేకుండా వడ్డిస్తే పగవాడికి పెట్టినట్టు లెక్క. పైగా మా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, పిల్ల పుల్లలెక్క అయింది, జర చూస్కోవే" అని ఏడ్చింది. నేను చూసుకున్నాను. ఎట్లాగంటే, దాని పప్పుకు నేతితో పోపు పెట్టి. వాసన తెలియకుండా ఇంగువ రెండింతలు వేశాను. నెయ్యి డబ్బాను కందిపప్పు డబ్బా వెనక దాచాను. "నీ పప్పుల ఇంగువ మస్తుంటది పెద్దమ్మా" అని పిల్ల వేళ్ళు నాకుతుంటే లోపల పొంగిపోయాను. రెండు నెలల్లో దాని చెంపలు నిండాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ట్రైనింగ్ పూర్తయి ఉద్యోగం పర్మనెంటు అయిందని ఆ ఆదివారం నన్ను గచ్చిబౌలిలో ఒక టిఫిన్ హోటలుకు తీసుకెళ్ళింది. దోశ చెప్పేముందు సర్వర్‌ను నిలబెట్టి అడగడం మొదలుపెట్టింది. పిండిలో పెరుగు కలుపుతారా, చట్నీలో మజ్జిగ ఉంటుందా, పోపు దేంతో పెడతారు? అతను మాకు భరోసా ఇచ్చాడు. "ఫికర్ జెయ్యకు మేడమ్, మాది ప్యూర్ వెజ్. గుడ్డు గూడ ఉండదు." పక్క టేబుళ్ళవాళ్ళు మావైపు తిరిగారు. పిల్ల తగ్గలేదు, దోశ మాస్టర్‌నే పిలవమంది. సర్వర్ విసుక్కుంటూ లోపలికి వెళ్ళాడు. అప్పుడు అది నా చెయ్యి పట్టుకుని, "గిట్ల పరేషాన్ చేస్తున్న అనుకోకు పెద్దమ్మా. బయట ఏడ తిన్నా భయమే. మనింట్ల ఒక్కకాడనే కళ్ళు మూసుకోని తింట" అంది.

దాని చెయ్యి ఇంకా నా చేతి మీదే ఉంది.

మాస్టర్ వచ్చాడు. నా వయసువాడే, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు. కోస్తా మనిషని మాటలో తెలిసింది. "అబద్ధం చెప్పనమ్మా. పిండిలో ఏం లేదండి, చట్నీలో కూడా లేదండి. కానీ పెనం మీద రుద్దే ఉల్లిపాయ ఉందే, దాన్ని నేతి గిన్నెలో ముంచుతామండి. కంటికి కనపడదు. కానీ మీరు వద్దన్నారు కదండీ, ఆ పెనం మీద మీకు వేయలేను. ఇడ్లీ తినండి, దానికి భయం లేదు." ఇంత చెప్పి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. కనపడని నెయ్యి సంగతి, ముక్కూమొహం తెలియని పిల్లకు చెప్పి వెళ్ళాడా మనిషి. కన్నతల్లి తర్వాత తల్లినని చెప్పుకునే నేను డబ్బా దాచాను. అంత సిగ్గు నా జీవితంలో ఎప్పుడూ పడలేదు.

ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఇంటికెళ్ళి ఆ డబ్బా తీసేస్తే ఎవరికీ తెలియదు. ఇడ్లీలు వచ్చేదాకా అదే ఆలోచించాను. అవి వచ్చాయి, పిల్ల తుంచి నోట్లో పెట్టుకోబోయింది. ఇక ఆగలేకపోయాను.

"పప్పుల నెయ్యి ఏస్తున్ననే. నువ్వొచ్చిన కాడినుంచి."

దాని చెయ్యి అలాగే ఆగిపోయింది.

"రోజూనా?"

"రోజూ."

ప్లేటులోకి చూస్తూ అడిగింది. "ఇంగువ అందుకేనా?"

తల ఊపాను. అది ముక్క ప్లేటులో పెట్టేసి లేచింది. ఏడవలేదు, కేక వేయలేదు, వేస్తే బాగుండుననిపించింది. ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్ళి, డబ్బా వెతికి, మూత తీసి వాసన చూసి, మళ్ళీ కందిపప్పు వెనకే పెట్టేసింది. మర్నాటినుంచి ఆరునెలలు తన గిన్నె తనది, తన వంట తనది. ఒకరోజు ఉండబట్టలేక, ఇంకా కోపమేనా అని అడిగాను. "కోపం పోయింది పెద్దమ్మా. ఇంట్ల గూడ అడుగుడు అలవాటైంది, అది పోతలేదు" అంది.

ఆ తర్వాత మెల్లగా మళ్ళీ నా చేతి వంట తినసాగింది. ఇంగువ మాత్రం నేనే మానేశాను. ఇప్పటికీ కంచం పెట్టగానే ఒక్క క్షణం ఆగి నా ముఖంలోకి చూస్తుంది. "లేదే" అంటాను. అప్పుడు కలుపుకుంటుంది.

మొన్న కూడా మెనూ పక్కన పెట్టి, "మాస్టర్‌ను పిలిపించి అడుగుదాం, ఆకుబొమ్మ సంగతి నాకేం తెలుసు" అన్నాను. పిల్ల నవ్వి చెయ్యెత్తి సర్వర్‌ను పిలిచింది. రెండు నెలలు రోజుకో చెంచా చొప్పున నేను పోసింది, ఇన్నేళ్ళుగా పూటకో "లేదే"తో తోడుతూనే ఉన్నాను. గిన్నె అడుగు ఇంకా కనిపించలేదు.