పన్నెండు నిమిషాల లేటు

మొన్న గురువారం నేను చేసిన ఘనకార్యం వింటే నవ్వుతారు. నవ్వండి, పర్వాలేదు. నేను కూడా కాసేపు నవ్వాను, ఏడుపు మొదలయ్యేదాకా.

మా విజయనగరం కాలేజీలో సిస్టమ్స్ చూసేది నేనే. అంతకుముందు సింహాచలం బాబాయ్ చూసేవారు. సొంత బాబాయ్ కాదు, పని నేర్పిన బాబాయ్. రెండు నెలల కిందట గుండె ఆగిపోయింది ఆయనకి. ఆయన చేత్తో బిగించిన పాత సర్వర్ ఒకటి ఇంకా నడుస్తోంది. కాలేజీలో ఎక్కడ నెట్ ఆగినా, ఏ మిషన్ మొరాయించినా, ఆ నిమిషంలోనే టైముతో సహా ఒక లైను రాసి చూపిస్తుంది. అవే లాగ్ మెసేజులు.

సోమవారం, ఎప్పుడూ బాబాయే చూసుకునే ఆ స్క్రీన్ ముందు మొదటిసారి తీరిగ్గా కూర్చున్నాను. కొత్త మెసేజ్ పడింది. దాని మీద టైము 3:08. తలెత్తి గోడ గడియారం చూశాను, 3:20! పన్నెండు నిమిషాల లేటు! నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా? వెళ్లి ప్రిన్సిపాల్‌కి చెప్పాను.

"అయితే ఆ డొక్కు పెట్టె ఎందుకమ్మా? శనివారంలోగా బాగవకపోతే స్క్రాప్‌కి పంపించేద్దాం" అన్నారాయన.

బాబాయ్ గుర్తుగా మిగిలింది అదొక్కటే కదా!

ఇక మొదలుపెట్టాను. కేబుల్ మార్చాను, పన్నెండు నిమిషాలు. స్విచ్ మార్చాను, పన్నెండే. సెట్టింగులన్నీ తిరగేశాను, మళ్లీ పన్నెండే. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. కాస్త బుర్ర ఉన్నవాళ్లకి అక్కడే అనుమానం రావాలి. నాకు పంతం వచ్చింది. గురువారం ఆ లాగ్ ప్రోగ్రామ్ మొత్తం పీకేసి, ఫైళ్లతో సహా తుడిచేసి, కొత్తగా ఎక్కించాను.

తుడిచేశాక గుర్తొచ్చింది. ఆ సెట్టింగుల ఫైల్లో బాబాయ్ నా కోసం రాసిన మాటలున్నాయి. మిషన్ వాటిని చదవదు, మనుషుల కోసమే. మొదటి లైను నాకు కంఠతా వచ్చు: "గౌరీ, కంగారు పడకు. ముందు కాపీ తీసుకో."

కాపీ తీసుకోలేదు.

వెతికాను, ఎక్కడా లేదు. కొత్త ప్రోగ్రామ్‌లో మెసేజ్ పడింది. టైము 4:31. గడియారం చూశాను, 4:43. కుర్చీలో కూలబడిపోయాను.

సరిగ్గా అప్పుడే బాబాయ్ భార్య, రవణమ్మ పిన్ని, గుమ్మంలోకి వచ్చారు. ఆయన టిఫిన్ డబ్బా, స్వెట్టరు పట్టుకెళ్దామని.

"ఏటమ్మా, మొకం అలా అయిపోనాది? ఏటైనాది?"

చెప్పాను. మెసేజులు పన్నెండు నిమిషాలు లేటని, బాబాయ్ రాతలు పోగొట్టానని, అన్నీ కక్కేశాను. పిన్ని గోడకేసి చూశారు.

"ఒలమ్మా! ఆ గడియారం సూసా సెప్తన్నావు? అది పన్నెండు నిమిసాలు ముందే ఉంటాది కదే!"

"ముందా? ఎందుకు?"

"నీ కోసమే. కొత్తలో నువ్వో దినం బొబ్బిలి బస్సు తప్పి, గేటు కాడ కూకోని ఏడిసినావంట కదా. మీ బాబాయ్ ఇంటికొచ్చి అన్నం తింటా సెప్పినారు. 'ఆ పిల్ల నిదానం, మారదు. గడియారాన్నే ముందుకి తోసీసినాను. దానికి సెప్పకు, తెలిస్తే మళ్లీ నిదానమైపోతాది' అన్నారు."

నాలుగేళ్లు! రోజూ ఆ గోడ మీద ఐదున్నర అయ్యాక సంచీ తీసుకుని, పది నిమిషాలు నడిచి, ఐదున్నర బస్సే ఎక్కాను. బస్సు రోజూ లేటు, నా అదృష్టం అనుకున్నాను. "గదిలోకి సెల్లు తేకమ్మా, పని సెడతాది" అని బాబాయ్ బయట అరలో పెట్టించేవారు, ఇప్పటికీ అక్కడే పెడతాను. అది ఏ పనికోసమో ఇప్పుడు తెలిసింది. సర్వర్‌కి ఏ రోగమూ లేదు. లేని రోగానికి ఆపరేషన్ చేసి, ఆయన మాటలు కోసి పారేశాను.

పిన్నిని పట్టుకుని ఏడ్చాను. ఆవిడా ఏడ్చారు.

"గడియారం పట్టుకెళ్తారా పిన్నీ?"

"నాకేటికే? ఉండనీ. నీ బస్సు నీకు అందాలి కదా" అని కళ్లు తుడుచుకుని, డబ్బా, స్వెట్టరు తీసుకుని వెళ్లిపోయారు.

ప్రిన్సిపాల్‌కి రిపోర్టు రాశాను: సర్వర్ బాగుంది, తప్పు సిస్టమ్స్ చూసే మనిషిది. సర్వర్ దక్కింది. తర్వాత కుర్చీ ఎక్కి గడియారం కిందికి దించాను, ముల్లు సరిచేద్దామని. చెయ్యి రాలేదు. దుమ్ము తుడిచి, అలాగే తగిలించేశాను. దాన్నే చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. లేచేసరికి అందులో ఆరు దాటింది.

నాలుగేళ్ల తర్వాత మళ్లీ బొబ్బిలి బస్సు తప్పిపోయింది. చేతిలో పన్నెండు నిమిషాలు పెట్టి పంపినా బస్సు అందుకోలేని మనిషిని, సర్వర్‌ని లేటన్నాను!